వీధి స్టూడియో: ఇక్కడ ఫొటోలు తీయబడవు

కటక్,
1994 ఫిబ్రవరి 6

ఒసే తిలూ,

ముందు కూర్చో. ఆ తర్వాత చదువు. నేను ప్రభుత్వ ఉద్యోగం మానేశాను.

తొమ్మిదేళ్ళలో ఆ భువనేశ్వర్ ఆఫీసులో నేను గీసినవి రెండు వందల పద్నాలుగు మరుగుదొడ్లు. రాష్ట్రంలో గుమాస్తాలు సగం మంది పొద్దున్నే నా గీతల మీదే కూర్చుంటారు. ఇంతకు మించిన ప్రజాసేవ నా చేతనవుతుందనుకోను. అయినా మానేశాను. అమ్మ ఇరుగుపొరుగుకు నేను దీర్ఘ సెలవులో ఉన్నానని చెప్తోంది. జబ్బేమిటని వాళ్ళు అడుగుతున్నారు. అది ఇంకా తేల్చుకోలేదు.

ఎందుకు మానేశానో చెప్తాను, నవ్వకు. పోయిన అక్టోబరులో నన్ను ఇక్కడ కటక్‌లో ఒక కూడలికి పంపారు. ఇనప రెయిలింగ్ ఎక్కడ పాతాలో గుర్తులు పెట్టి రమ్మన్నారు. టేపు రెండో కొస పట్టుకోవాల్సిన మనిషి రాలేదు. ఒక్కదాన్నే ఏం చేయను? మూసి ఉన్న మందుల షాపు మెట్ల మీద కూర్చున్నాను. ఊసుపోక, నడిచేవాళ్ళు ఎటు నుంచి ఎటు వెళ్తున్నారో కాగితం మీద గీయడం మొదలుపెట్టాను. మనిషికో గీత. గంట గడిచేసరికి కాగితం మీద ఒక దారి తేలింది. రోడ్డు వేసినవాళ్ళు వేయని దారి! బడిపిల్లలు, పాలవాళ్ళు, సైకిళ్ళు తోసుకెళ్ళేవాళ్ళు, చివరికి పాడె మోసేవాళ్ళు కూడా పాత బావి పక్కనుంచి ఏటవాలుగా అదే దారిన పోతున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరికీ తెలుసు. సాయంత్రం నాలుగింటికి చూసుకుంటే నేను అన్నం తినలేదు. పరీక్ష మధ్యలో ఒళ్ళో మరమరాలు పోసుకుని తిన్న నేను!

ఆ దారికి అడ్డంగా రెయిలింగ్ వద్దని నాలుగు పేజీలు రాసిచ్చాను. పై అధికారి చదివి, "గుర్తులు పెట్టి రమ్మంటే కవిత్వం రాసుకొచ్చావేంటమ్మా?" అన్నాడు. రెయిలింగ్ పాతారు. నెల పోయాక వెళ్ళి చూస్తే, సరిగ్గా నా గీత వెళ్ళిన చోట రెండు కడ్డీలు మనిషి పట్టేంత వంగి ఉన్నాయి. నా కళ్ళముందే ఒక ముసలాయన పంచె సర్దుకుని అందులోంచి దూరి పోయాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికొచ్చి రాజీనామా రాశాను. ముప్పైమూడేళ్ళ ఆడపిల్ల ఒక మగవాణ్ణి చూసి ఇలా అయిపోతే లోకం అర్థం చేసుకుంటుంది. ఇనప కడ్డీని చూసి అయిందంటే ఎవరితో చెప్పుకోను? నీతో తప్ప.

ఇక వినవే. వెండి తీగపని చేసే ఆర్తత్రాణ సాహు గారి కార్ఖానా మీద ఒక గది తీసుకున్నాను. కింద రోజంతా టిక్కు టిక్కుమని సుత్తులు. పైన నేను, నాతో పీతాబాస బాబు. ఆయన నలభయ్యేళ్ళు ట్రేసింగ్ చేసి రిటైరయ్యారు. గీత నిటారుగా వేస్తారు, మధ్యాహ్నం పఖాళ, అదే మన చద్దన్నం, తిన్నాక మనిషి మాత్రం నిటారుగా ఉండరు. పేరు ‘వీధి స్టూడియో’. ఇళ్ళ జోలికి పోము. ఇళ్ళకూ ఇళ్ళకూ మధ్య ఉండేదాన్ని గీస్తాం: సందులు, కూడళ్ళు, అరుగులు, నీడలు. "అంటే ఏమీ లేని చోటును గీస్తారన్నమాట," అన్నారు సాహు గారు. అంతే.

రెండో టేబుల్ నీది. హాస్టల్ మేడ మీద నువ్వే కదా అన్నావు, మనిద్దరం కలిసి పెడదామని. ఎప్పుడొస్తున్నావు?

నీ
బనూ


కలకత్తా,
1994 ఫిబ్రవరి 21

బనూ రాణీ,

నీ ఉత్తరం మెస్‌లో భోజనాల దగ్గర చదివాను. మరుగుదొడ్ల లెక్క దగ్గర నేను నవ్వడం, నోట్లో పప్పు ఎదురుగా ఉన్న టైపిస్టు చీర మీద పడడం ఒకేసారి జరిగాయి. మా మెస్ నడిపే మాసిమా నాకు క్రమశిక్షణ గురించి పది నిమిషాలు చెప్పింది. నీ రాజీనామాకు నేను కట్టిన మూల్యం ఇది.

నువ్వు పిచ్చిదానివి. అది నీకూ తెలుసు కాబట్టి విడిగా చెప్పను. కానీ ఆ ముసలాయన పంచె సర్దుకోవడం మాత్రం రెండు రోజులుగా నా కళ్ళముందు నుంచి పోవడం లేదు.

నా సంగతి ఏం చెప్పను? మా కంపెనీలో నలభై టేబుళ్ళు. నాది కిటికీ పక్కది. ఎనిమిదేళ్ళు పట్టింది ఆ కిటికీ దాకా రావడానికి. అందులోంచి ట్రామ్ డిపో కప్పు కనిపిస్తుంది, దాని మీద ఎండబెట్టిన ఎవరిదో లుంగీ కనిపిస్తుంది. మా బాగ్చీ బాబు సైట్ కాగితం తెచ్చి టేబుల్ మీద పడేస్తాడు. "తిలోత్తమా, రెండంతస్తులు, శుక్రవారంకల్లా," అంటాడు. నేను గీస్తాను. ఏ ఊరో, అక్కడ గాలి ఎటు నుంచి వీస్తుందో అడిగే అలవాటు నాకూ పోయింది, చెప్పే అలవాటు ఆయనకెప్పుడూ లేదు. ఇప్పుడు ఏదో ఊరి బజారు గీస్తున్నాను. బజార్లన్నీ ఒకలాగే ఉంటాయి.

రావడం సంగతి తర్వాత చూద్దాం. హాస్టల్ మేడ మీద నేను చాలా అన్నాను. పైలట్‌ని పెళ్ళి చేసుకుంటానని కూడా అన్నాను.

రెండో టేబుల్ మీద పీతాబాస బాబును పడుకోబెట్టు.

తిలు


కటక్,
1994 ఏప్రిల్ 19

ఒసే తిలూ,

మొదటి రెండు నెలల్లో మా స్టూడియోకు ముప్పయి ఏడుగురు వచ్చారు. అందరూ ఒక్క పని మీదే వచ్చారు. పాస్‌పోర్ట్ సైజు ఫొటోకి.

బోర్డు మీద ‘స్టూడియో’ అని రాయించినప్పుడు ఈ మాట నాకెందుకు తట్టలేదో, దేశంలో ఇంకెవరికి తట్టదో చెప్పు! కాలేజీ కుర్రాళ్ళు మెట్లెక్కుతూనే తల దువ్వుకుంటారు. ఒక పెళ్ళివారైతే పిల్లతో సహా దిగారు. "వెనకాల తాజ్‌మహల్ తెర ఉందా?" అని అడిగారు. నాలుగో వారానికి పీతాబాస బాబు, "ఒక కెమెరా కొంటే పోదూ?" అన్నారు, కాస్త ఆశగానే. నేను రోషం తెచ్చుకుని బోర్డు కింద ‘ఇక్కడ ఫొటోలు తీయబడవు’ అని రాయించాను. సాహు గారు ఆ లైను చదివి, "మరి ఇక్కడ ఏం తీయబడతాయమ్మా?" అన్నారు.

ఇంతలో పోయిన నెల పదకొండు మంది చేపలమ్మే ఆడవాళ్ళు ఒకేసారి మెట్లెక్కి వచ్చారు. ముందున్నావిడ కుంతల పిన్ని. యాభై అయిదేళ్ళుంటాయి, మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ తిట్టుకుంటూ ఎక్కింది.

"ఫొటో తియ్యి. బుట్టతో తీస్తావా, బుట్ట లేకుండానా?"

"ఇక్కడ ఫొటోలు తీయం పిన్నీ. బోర్డు మీద రాశాం."

"చదువొస్తే నేను చేపలెందుకు అమ్ముతానే? నీ కుర్చీలోనే కూర్చునేదాన్ని."

ఎందుకు ఫొటో అంటే, కఠజోడి నది గట్టు కింద వాళ్ళ బజారు పడగొట్టి కొత్తది కడతారట. ఫొటో పెట్టి దరఖాస్తు ఇచ్చినవాళ్ళకే చోటు. ఎక్కడ చోటని అడిగితే పిన్ని వేలు ఆకాశం వైపు చూపించింది. "పైన. మేడ మీద. మమ్మల్ని బతికుండగానే పైకి పంపుతున్నారు."

మర్నాడు బజారు కమిటీ ఆఫీసుకు వెళ్ళి గోడకంటించిన నక్షా చూశాను. తిలూ, ఏం చెప్పను! కింద బట్టలు, కూరగాయలు. పైన చేపలు, వాసన పైకి పోతుందని. ఇరవై ఎనిమిది మెట్లు, ఒక్కోటీ ఏడంగుళాల ఎత్తు. నీళ్ళు కారే నలభై కేజీల బుట్ట నెత్తిన పెట్టుకుని ఎక్కాలి, కొనడానికొచ్చే ముసలమ్మలూ ఎక్కాలి. కలకత్తాలో ఏదో పెద్ద కంపెనీ గీసిందట. గీతలు మాత్రం ఎంత అందంగా ఉన్నాయో, చూస్తుంటే ఒళ్ళు మండింది.

అభ్యంతరాలు వినే రోజున పదకొండు మందితో వెళ్ళాను. నాకు సభలో మాట్లాడడం రాదని నీకు తెలుసు. మొదటి వాక్యం సగంలో గొంతు పోయింది. అప్పుడు కుంతల పిన్ని బుట్ట తీసుకెళ్ళి అధ్యక్షుడి బల్ల మీద పెట్టింది. "ఎత్తు బాబూ. ఇరవై ఎనిమిది వద్దు, ఒక్క మెట్టు ఎక్కి చూపించు." ఆయన భారీ మనిషి. మోకాలి దాకా ఎత్తి దించేశాడు, నీళ్ళన్నీ ఆయన ఫైలు మీద కారాయి. నాకు ధైర్యం వచ్చింది. "ఈ నక్షా గీసిన పెద్దమనిషి చేపను కంచంలో తప్ప చూసి ఉండడు. తన టిఫిన్ డబ్బా కూడా ఇంకొకరి చేత మోయించుకునే రకం," అన్నాను. హాలు గొల్లుమంది. నేనింత బాగా మాట్లాడతానని నాకే తెలియదు.

వానలు పడేలోపు మా పద్ధతి ఏమిటో చూపించమన్నారు. బజారు పక్క ఖాళీ స్థలంలో ఇటుకలూ వెదుళ్ళతో నమూనా కట్టి చూపిస్తాను. చిన్న బొమ్మ ఇందులో పెట్టాను, చూడు. మెట్లే లేవు. చుట్టూ కొట్లు, మధ్యలో నేల దోసిలిలా కాస్త పల్లంగా ఉంటుంది, అందరూ ఒకరికొకరు కనిపిస్తారు. ఆ దోసిలి గీసినప్పుడు నాకు నా మీదే గౌరవం కలిగింది. ఎలా ఉందో దాచకుండా రాయి. ఇంత సంతోషంగా నేనెప్పుడూ లేనే.

నీ
బనూ


కలకత్తా,
1994 మే 28

బనజా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఆరుసార్లు జవాబు రాసి చింపాను. ఇది ఏడోది. చింపడానికి కాగితాలు అయిపోయాయి కాబట్టి ఇదే పంపుతున్నాను.

ఆ పెద్దమనిషిని నేనే.

ఇరవై ఎనిమిది మెట్లూ నావే. ఏడంగుళాలూ నావే. చేపలు పైన పెట్టమన్నది బాగ్చీ బాబు. "వాసన కింద ఉంటే బట్టల కొట్లు ఎవరు తీసుకుంటారు?" అన్నాడు. సరేనన్నది మాత్రం నేనే. ఫిబ్రవరిలో నీ మొదటి ఉత్తరం వచ్చేసరికి ఆ కాగితం నా టేబుల్ మీదే ఉంది. మూల మీద ‘కటక్’ అని రాసి ఉంది. నీకు ‘ఏదో ఊరి బజారు’ అని రాశాను. అబద్ధం కాదనుకుని రాశాను. అబద్ధమే.

టిఫిన్ డబ్బా మాత్రం నేనే మోసుకుంటాను. అది నమోదు చేసుకో.

హాలు గొల్లుమన్నదని రాశావు. నేను ఆ హాల్లో లేను కానీ ఆ నవ్వు నాకు ఇక్కడిదాకా వినబడింది. నువ్వన్న దాంట్లో తప్పులేదు, అందుకే ఇంత కోపం వస్తోంది.

దాచకుండా రాయమన్నావు కదా, రాస్తున్నాను. నీ దోసిలి బొమ్మ బాగుంది. వాన పడకపోతే ఇంకా బాగుంటుంది. ఆ స్థలం గట్టుకు లోపల ఉంది, నీళ్ళు బయటికి పోవాల్సిన కాలువ నోరు దానికంటే అడుగున్నర ఎత్తున ఉంది. నేను మెట్లు ఎక్కించింది మనుషుల్ని ఏడిపించడానికి మాత్రమే కాదు. మా దగ్గర ఎత్తుల కాగితం ఉంది. నువ్వు కొలిచావా, లేక నీ మీద నీకు గౌరవం కలగగానే లేచి వచ్చేశావా?

తిలోత్తమ


కటక్,
1994 జూన్ 6

కుమారి తిలోత్తమా దాస్ గారికి,

మీ ఉత్తరం అందింది.

ఫిబ్రవరిలో ఒక్క ముక్క రాసి ఉంటే నేను సభలో ఆ మాట అనేదాన్ని కాదు. మెట్ల గురించి అనేదాన్ని, మనిషి గురించి అనేదాన్ని కాదు. పదిహేనేళ్ళ స్నేహంలో మీకు నా మీద ఆ పాటి నమ్మకం కూడా లేకపోయింది.

మీ కంపెనీ కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. మా నమూనా సిద్ధమైంది. పీతాబాస బాబు స్వయంగా సున్నం గీతలు వేశారు. అందరికీ నచ్చింది.

ఇట్లు,
బనజ మహారణా,
వీధి స్టూడియో


కటక్,
1994 జులై 4

తిలూ,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. కూర్చుంటే నడుం పట్టేస్తోంది. ఎందుకో చెప్తాను.

పోయిన గురువారం కమిటీవాళ్ళు నమూనా చూడడానికి వచ్చారు. వాళ్ళ కోసం ఆడవాళ్ళంతా నిజంగానే చేపలు తెచ్చి కొట్లు పెట్టారు. నా దోసిలి కళకళలాడింది. అధ్యక్షుడు "బాగుందమ్మా" అన్నాడు. ఆ మాట పూర్తికాకముందే వాన దిగింది. గంటసేపు కురిసింది. దోసిలి అని పేరు పెట్టాను కదా, దోసిలి చేసే పనే చేసింది. నీళ్ళు పట్టింది. మొదట చీలమండలు, తర్వాత పిక్కలు, ఆ తర్వాత మోకాళ్ళు. తొట్లు తేలాయి. వాటిలో బతికున్న కొరమీనులు ఉన్నాయి చూడు, అవి ఒకదాని వెనక ఒకటి బయటికి దూకి నేను గీసిన నడకదారి వెంబడే వరసగా ఈదుకుంటూ పోయాయి. నా జీవితంలో నా నక్షాను ఇంత శ్రద్ధగా పాటించినవాళ్ళు ఇంకెవరూ లేరు.

పదకొండు మంది ఆడవాళ్ళు, పీతాబాస బాబు, నేను, చీరలూ పంచెలూ ఎగ్గట్టి చేపల వెంట పడ్డాం. అధ్యక్షుడు గట్టు మీదికి పరిగెత్తాడు. కుంతల పిన్ని మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి గట్టిగా అరిచింది: "ఏమే కాగితాలమ్మా! వాళ్ళేమో మమ్మల్ని మేడెక్కించారు, నువ్వు చేపల్ని ఏట్లో వదిలేశావు! ఇంక మాకు బజారెందుకే, వలలు కొనివ్వు!"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆ రోజు సరుకంతా పోయింది తిలూ. నా వల్ల. మర్నాడు నేను ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళాను. గుమ్మంలో నిలబడ్డాను. పిన్ని నా చేతిలో గిన్నె పెట్టి, "ఏడుపు ముఖం వేసుకుని వచ్చావు, తిని పో," అంది. మళ్ళీ, "నీళ్ళ సంగతి మాకు తెలుసు. ప్రతి ఏడూ చూస్తాం. నువ్వు అడిగావా?" అంది.

అడగలేదు. నడిచేవాళ్ళను గంటలకొద్దీ చూసినదాన్ని, వాళ్ళతో ఒక్క మాట మాట్లాడాలని తోచలేదు. నువ్వు ఒక ఉత్తరం ముక్కలో హెచ్చరించావు, దాన్నీ వినలేదు. ‘మీరు’ అని రాశాను నిన్ను. ఆ కాగితం ఉంటే చింపెయ్.

కమిటీ ఇంకో రెండు నెలలు ఆగుతుంది. తర్వాత నీ మెట్లే కడతారు. ఏం చేయను?

బనూ


కలకత్తా,
1994 జులై 25

ఒసే కాగితాలమ్మా,

ఆ ‘మీరు’ ఉత్తరం చింపలేదు. దాచుకున్నాను. ముసలితనంలో నీతో పోట్లాడడానికి పనికొస్తుంది.

కంపెనీ కాగితం నేను పంపలేను. బాగ్చీ బాబును సూటిగానే అడిగాను. "అది వాళ్ళకెందుకు?" అన్నాడు. నీకది అక్కర్లేదు కూడా. మేస్త్రీల దగ్గర నీళ్ళు నింపిన గొట్టం ఉంటుంది, పీతాబాస బాబుకు తెలుస్తుంది. ఒక కొస కాలువ నోటి దగ్గర, రెండో కొస బజారులో ఎక్కడ కావాలంటే అక్కడ. నీళ్ళు అబద్ధం చెప్పవు. ఆ తర్వాత ప్రతి ఏడూ వాన ఎందాకా వస్తుందో పిన్నిని గోడ మీద చెయ్యి పెట్టి చూపించమను. అంతకు జానెడు పైన అరుగు కట్టు. పొడుగాటి అరుగు, ఒకటే అంతస్తు, మీద కప్పు. నా లెక్కలో మూడున్నర అడుగుల ఎత్తు. అంటే మెట్లు తప్పవు.

ఇక ఆ మెట్ల గురించి. నవ్వితే ఉత్తరం ఇక్కడితో ఆపేయ్.

మొన్న ఆదివారం పొద్దున మెస్‌లో రెండు బక్కెట్ల ఇటుక ముక్కలు ఒక బుట్టలో పోసి నెత్తిన పెట్టుకున్నాను. టైపిస్టు పట్టుకుని పెట్టింది. మెట్లెక్కాను. మా మెస్ మెట్లు ఏడంగుళాలే, సరిగ్గా నేను మీకు గీసినవే. తొమ్మిదో మెట్టు దగ్గర నా మోకాలు ఒక శబ్దం చేసింది. ఎనిమిదేళ్ళలో ఎన్ని వందల మెట్లు గీశానో, వాటిలో ఒక్కటి కూడా ఎక్కలేదని అప్పుడు తెలిసింది. తర్వాత పెరట్లో పలకలు పేర్చి ఆరంగుళాలు, అయిదు, నాలుగు, అన్నీ ఎక్కి చూశాను. మాసిమా వరండాలోంచి చూసి, "పెళ్ళి కాకపోతే ఇలాగే అవుతారు," అని వంటామెతో అంది. వంటామె మాత్రం వచ్చి బుట్ట తన నెత్తిన పెట్టుకుని ఎక్కి, "నాలుగున్నర పెట్టు, వెడల్పు ఇంకో బెత్తెడు పెంచు. రెండు పాదాలూ ఒకే మెట్టు మీద నిలవాలి, ఊపిరి తీసుకోవాలి కదా," అంది. నాలుగున్నర రాసుకో. వెడల్పు పదహారు.

సోమవారం బాగ్చీ బాబుకు ఇదంతా చెప్పాను. కటక్ నక్షా తప్పని, నేనే తప్పు గీశానని చెప్పాను. ఆయన అరవలేదు. నన్ను కిటికీ పక్క నుంచి లేపి, స్టోరు గది పక్కన టేబుల్‌కు మార్చాడు. ఇప్పుడు కాగితాల మూలల మీద కంపెనీ పేరు రాస్తుంటాను. గుండ్రంగా రాస్తున్నానని పొగిడాడు కూడా.

బనూ, ఆ ఆదివారం నేనూ మధ్యాహ్నం అన్నం తినలేదు.

తిలు


కటక్,
1995 ఫిబ్రవరి 12

ఒసే తిలూ,

అయింది. నిన్న.

ఉన్నదున్నట్టు చెప్తాను. అంతా కట్టలేదు. నలభై మందికి సరిపడా అరుగు కట్టారు, మిగతాది తర్వాత అన్నారు. కమిటీ మన నక్షాకు ఒప్పుకోవడానికి నా వాదన కారణమని చెప్పుకోవాలని ఉంది. కానీ సెప్టెంబరు వానలో అధ్యక్షుడు మళ్ళీ వచ్చాడు, పిన్ని గోడ మీద చెయ్యి పెట్టిన చోటికి నీళ్ళు సరిగ్గా వచ్చి ఆగాయి. ఆయన గోడనూ, పిన్నినీ చూసి, "ఈవిడ చెప్పినట్టు కట్టండి," అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా చేతిలో పన్నెండు కాగితాలున్నాయి. అవి ఎవరూ అడగలేదు.

ప్రారంభం రోజున రాతి పలక మీద కమిటీ ఇంజనీరు పేరు. నీదీ లేదు, నాదీ లేదు. పీతాబాస బాబు పలకను చాలాసేపు చూసి, "అక్షరాలు వంకరగా చెక్కారు," అని తృప్తిపడ్డారు. సాహు గారు కార్ఖానా మూసి పనివాళ్ళందరితో వచ్చి కొరమీనులు కొన్నారు. బయటికొచ్చి, "ఇప్పుడర్థమైందమ్మా మీరేం తీస్తారో," అన్నారు. ఏమిటని అడిగాను. చెప్పడం రాక చెయ్యి గాల్లో తిప్పారు. ఏడాదిలో నా వృత్తి గురించి ఎవరైనా ఇచ్చిన వివరణల్లో అదే మేలైనది.

అమ్మ కూడా వచ్చింది. నన్ను జనానికి చూపించి, "మా అమ్మాయే. సెలవు పెట్టి కట్టించింది," అని చెప్పింది.

ఇక నీ మెట్లు. నేను అరుగు ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చుని పొద్దున ఆరు నుంచి చూశాను. మొదటి బండి దిగగానే ఆడవాళ్ళు బుట్టలతో వచ్చారు. తొమ్మిది మెట్లు. ఒక్కరూ ఆగలేదు తిలూ. మాట్లాడుకుంటూ ఎక్కారు! బుట్ట నెత్తిన పెట్టుకుని పక్కదాని కోడలి గురించి చెప్తూ ఎక్కారు. కుంతల పిన్ని పైకెళ్ళాక వెనక్కి తిరిగి చూసుకుంది, తనేనా ఎక్కింది అన్నట్టు. నన్ను పిలిచింది.

"ఈ మెట్లు ఎవరు కొలిచారే?"

"నా స్నేహితురాలు పిన్నీ. కలకత్తాలో ఉంటుంది."

"ఆ మొదటి మెట్లు గీసింది కూడా కలకత్తావాడే కదా?"

నేను నిజం చెప్పేశాను. రెండూ ఒక్కరే గీశారని చెప్పాను. సభలో నేను టిఫిన్ డబ్బా మాట అన్నది ఆమెనేనని కూడా చెప్పాను. పిన్ని కాసేపు చేపల మీద నీళ్ళు చల్లింది. "అయితే నెత్తిన బుట్ట పెట్టుకుని చూసిందన్నమాట," అంది. ఎలా తెలిసిందని అడిగితే, "పెట్టుకోకపోతే ఇది తెలియదు," అంది, అంతే.

నేను సంతోషంతో ఉబ్బిపోతుంటే ఆవిడ నా రెక్క పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కెళ్ళింది. అప్పటికి పదకొండయింది, సరుకు అయిపోయినవాళ్ళు దిగుతున్నారు. మెట్లన్నీ తడి, పొలుసులు. ఖాళీ బుట్ట చంకన, ఒక్కొక్కరూ గోడ పట్టుకుని పక్కవాటంగా, పీతల్లా దిగుతున్నారు. ఒకామె అప్పటికే గోనెపట్టాలు తెచ్చి పరిచింది.

"ఎక్కేటప్పుడు బాగుందే," అంది పిన్ని. "దిగేటప్పుడు ఎలా ఉంటుందో ఆ పిల్ల చూడలేదు. రమ్మను. బుట్ట నేనిస్తాను."

అదీ సంగతి. పట్టుకోవడానికి కడ్డీ ఎక్కడ ఉండాలో, ఏ ఎత్తులో ఉండాలో నాకూ తెలియదు. చూసి రాసుకుంటున్నాను. మిగతా అరుగు కట్టేలోపు తేల్చాలి. రమ్మని నేను పిలవడం లేదు. ఒకసారి పిలిచాను, చాలు. పిలుస్తున్నది పిన్ని.

నీ
బనూ


కలకత్తా,
1995 ఫిబ్రవరి 27

బనూ,

ఎక్కడం ఒక్కటే చూశాను. రోజంతా ఎక్కాను, ప్రతిసారీ దిగాను కూడా, కానీ దిగేటప్పుడు బుట్ట టైపిస్టుకిచ్చి, ‘అమ్మయ్య’ అనుకుంటూ దిగాను. పైకి వెళ్ళినవాళ్ళు దిగుతారన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. ఇంత పెద్ద చదువు చదివి!

పిన్నికి చెప్పు, టిఫిన్ డబ్బా మాటకు నాకిప్పుడు కోపం లేదని. కొంచెం ఉంది. నీ మీద.

ఇవాళ బాగ్చీ బాబు గదిలోకి వెళ్ళి సెలవు కావాలన్నాను.

"ఎన్నాళ్ళు?" అన్నాడు.

"తెలియదండీ. కటక్‌లో మెట్లు దిగి చూడాలి."

"మెట్లు దిగడానికి ఎన్నాళ్ళు కావాలి తిలోత్తమా?"

"ఎక్కడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది," అన్నాను. "దిగడానికి ఎంత పడుతుందో నిజంగా తెలియదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, రోజుల సంఖ్య వేయాల్సిన చోట ఖాళీ వదిలి సంతకం పెట్టాడు.

శుక్రవారం పొద్దున పూరీ బండికి దిగుతున్నాను. స్టేషనుకు రావద్దు. బజారుకే వస్తాను.

తిలు